మిషన్ పాడైందని చెప్పాను

మా నర్మెట్టలో మంచు అంటే చలికాలం పొద్దున పత్తిచేల మీద కనిపించే తడి, అంతకుమించి ఏమీ లేదు. అలాంటి ఊళ్లో పుట్టినవాణ్ణి ఎనిమిది చలికాలాలు కాశ్మీర్ కొండల మీద స్కీయింగ్ గైడుగా బతికానంటే జనగామ బస్సులో పక్క సీటువాడు కూడా నమ్మడు. "గదేం పనే అన్నా? పైకెక్కుడు, కిందికి జారుడు. దానికి జీతమా?" అన్నాడొకడు. నిజమే, అదే పని. మిలిటరీలో ఉండగా మంచు మీద నడిచే శిక్షణకు పంపారు. అక్కడే కాళ్లకు స్కీలు కట్టుకోవడం నేర్చుకున్నాను. మిలిటరీ వదిలేశాక ఒక కాశ్మీరీ గైడు దగ్గర చేరాను. నాకంటే పదిహేనేళ్లు పెద్దాయన. అందరం ఉస్తాద్ అని పిలిచేవాళ్లం.

అక్కడ కేబుల్ కార్ పక్కన కాపలా ఉన్న వాలు ఒకటుంది. తాళ్లు కట్టి, జెండాలు పాతి, పొద్దున్నే మనుషులు వెళ్లి చూసి, సరే అన్నాకే జనాన్ని వదులుతారు. పిల్లలు, కొత్త దంపతులు అక్కడే జారుతారు. మా గిరాకీలు వేరు. వాళ్లకు తాడు అవతల ఉన్న మంచు కావాలి, ఎవడూ తొక్కని మంచు. మా దగ్గర మూడు దారులుండేవి. దేవదారు చెట్ల సందున దిగేది కాస్త నిదానం. శిఖరం వెనక లోతుగా ఉన్న పల్లంలోకి దిగేది కష్టం. స్కీల అడుగున జారకుండా పట్టీలు అంటించుకుని మూడు గంటలు ఎక్కి, గుట్ట అవతలి వైపు నుంచి కింది ఊరి దాకా దిగేది అన్నిటికంటే పొడవు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లలో కొందరికి బూట్లు బిగించుకోవడం కూడా చేతకాదు, నోరు తెరిస్తే మూడోదే అడుగుతారు. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో చూడాలంటే అక్కడికి వెళ్లాలి.

తాడు దాటే ప్రతి మనిషి ఛాతీకి ఒక మిషన్ కట్టేవాళ్లం. అరచేతిలో పట్టేంత డబ్బా. మనిషి మంచు కింద పడితే అది లోపలినుంచి సంకేతం పంపుతుంది, పైనున్నవాళ్ల మిషన్లు దాన్ని పట్టి కూతపెడతాయి. ఆ కూత వెంట పోతే మనిషి దొరుకుతాడు. అందుకే బయల్దేరే ముందు ఒక్కొక్కరూ గైడు ముందు నుంచి నడవాలి. గైడు చేతిలో మిషన్ కుయ్యిమంటే పో, లేకపోతే ఆగు. పొద్దున ఈ పరీక్ష ఉస్తాద్ చేసేవాడు. తిండి తిన్నాక రెండోసారి చేయడం నా పని.

నా బామ్మర్దిది నెల్లికుదురు. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. మహబూబాబాద్‌లో మోటార్ల వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. చేతిలో పనితనం ఉన్నవాడు, మాటలో వెటకారం ఉన్నవాడు. రెండు చలికాలాలు నా వెంట వచ్చి తాడు లోపల జారడం బాగానే నేర్చాడు. మూడో ఏడు పట్టుబట్టాడు.

"బావా, ఇంక ఎన్నొద్దులు తాడు లోపల తిప్పుతవ్? నేనేమన్న కోడెదూడనా?"

"కోడెదూడకైనా జర బుద్ధుంటది" అన్నాను. అన్నానే గానీ లోలోపల మురిసిపోయాను. మా వైపు నుంచి ఇంకొకడు తయారయ్యాడని గర్వం.

మేం బయల్దేరిన రోజు నెల్లికుదురులో వాడు గడప దాటి నాలుగడుగులు వేశాడో లేదో, మా ఆవిడ వాడు మరిచిపోయిన మఫ్లరు పట్టుకుని "తమ్మీ, ఆగురా!" అని వెనకనుంచి కేకేసింది. మా అత్తమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నీ నోట్లె మన్ను వడ! పొయ్యేటోన్ని ఎనకనుంచి పిలుస్తవానే?" అని కూతురి వీపు మీద ఒక్కటిచ్చింది. కొడుకును లోపలికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, చెంబెడు నీళ్లు తాగించి, మళ్లీ మొదటి నుంచి బయల్దేరదీసింది. మా ఇళ్లలో ఇది చట్టం. బయటికి అడుగు పెట్టినవాణ్ణి వెనకనుంచి పిలవరు, ఎక్కడికని అడగరు. నేనూ ఈ చట్టం కిందే పెరిగాను. మహబూబాబాద్ స్టేషన్ దాకా ఇద్దరం అదే తలచుకుని నవ్వుకున్నాం.

ఆ రోజు ఆకాశం తేటగా ఉంది. హైదరాబాద్ గిరాకీలు ఇద్దరు, నా బామ్మర్ది, ఉస్తాద్, నేను. మూడో దారి. పొద్దున పరీక్షలో అందరి మిషన్లూ మోగాయి. గుట్ట పైన కూర్చుని రొట్టెలు తిన్నాం. తిన్నాక ఉస్తాద్ ముందుగా దిగి, కింద ఒక పెద్ద బండ చాటున నిలబడి చెయ్యి ఊపాడు. ఒక్కొక్కరే దిగాలి. ఒకరు అక్కడికి చేరాకే ఇంకొకరు. నేను పైన నిలబడ్డాను.

మొదటి గిరాకీ నా ముందు నుంచి పోయాడు. మిషన్ కూసింది. రెండోవాడు. కూసింది. తర్వాత మావాడు. వాడి పెదవులు కదులుతున్నాయి, దేవుణ్ణి తలచుకుంటున్నాడు. నన్ను దాటాడు. కూత రాలేదు. నా మిషన్‌కే ఏమైనా అయిందేమో అని విదిలించి చూశాను. తలెత్తేసరికి వాడి వీపు కనిపించింది. స్కీల ముందు కొనలు అంచు దాటాయి.

నోరు తెరిచాను. "ఆగు" అన్న మాట గొంతులోకి వచ్చింది, అక్కడే ఆగింది. గిరాకీ అయితే గొంతు చించుకుని అరిచేవాణ్ణి, అంతకుముందు ఎంతమందిని అలా ఆపలేదు! మనవాడు కాబట్టి ఇంటి పద్ధతి అడ్డొచ్చింది. మొదటిసారి ఇంత పెద్ద వాలు దిగుతున్నాడు, అడుగు పెట్టినవాణ్ణి వెనకనుంచి ఏం పిలుస్తాం, కింద బండ దగ్గర చూసుకుందాంలే అనుకున్నాను. మహా అయితే మూడు సెకన్లు. ఊరకున్నంత ఉత్తమం లేదని ఎవడన్నాడో గానీ, వాణ్ణి తీసుకొచ్చి ఆ అంచు మీద నిలబెట్టాలి.

వాడు నాలుగు మలుపులు తిరిగాడు, అందంగా తిరిగాడు. అయిదో మలుపు దగ్గర ధాన్యం బస్తా నేల మీద ఎత్తి పడేసినట్టు చప్పుడైంది. వాడి పైన మంచు అడ్డంగా చీలింది. వాలు మొత్తం కదిలింది. పొగలాంటి మంచు తేలిపోయేసరికి వాడు లేడు.

దిగిపోయాను. ఎలా దిగానో తెలియదు. అందరం మిషన్లను వెతికేవైపు తిప్పాం. కూత లేదు. ఉస్తాద్ అటూ ఇటూ పరుగెత్తుతూ "సంకేతమేది? సంకేతమేది?" అని అరుస్తున్నాడు. ఎందుకు లేదో నాకొక్కడికే తెలుసు. మిషన్ మోగితే పది నిమిషాల్లో తీసేవాళ్లం. మోగలేదు కాబట్టి వరసగా నిలబడి, అడుగడుక్కీ పొడవాటి చువ్వలు గుచ్చుకుంటూ పోయాం. గంట దాటిపోయింది. నా చువ్వకే మెత్తగా తగిలింది. పార విరిగితే చేతులతో తవ్వాను.

ముందు ఛాతీ బయటపడింది. జాకెట్ జిప్పు లాగి చూశాను. మిషన్ బటన్ ఆపేసి ఉంది. తినడానికి కూర్చున్నప్పుడు ఆపేసి ఉంటాడు. బ్యాటరీ దండగ అనుకుని ఉంటాడు. వాడి షాపులో మనిషి లేకపోతే ఫ్యాను తిరగనివ్వడు. మళ్లీ వేసుకోవడం మరిచాడు. అది పట్టుకోవడానికే కదా నేను పైన నిలబడింది! మిగతావాళ్లు పక్కన తవ్వుతున్నారు. నేను నా వేలితో ఆ బటన్ నొక్కాను. వెంటనే ఉస్తాద్ మిషన్ కూసింది.

ఆయన వాడి ముఖం మీది మంచు తుడిచాడు. అయిపోయిందని ఇద్దరికీ తెలిసింది. తర్వాత నా వైపు చూశాడు. "ఇప్పుడెలా మోగుతోంది?"

"మిషన్ పాడైంది ఉస్తాద్. ఆగి ఆగి పనిచేస్తోంది."

ఆయన తన మిషన్ ఆపి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం నా సామాను నా చేతికిచ్చి, ఇక రావద్దన్నాడు.

శవాన్ని విమానంలో హైదరాబాద్ తెచ్చి, అంబులెన్సులో జనగామ మీదుగా నెల్లికుదురు చేర్చాను. "ఆ మిషన్ చేసినోని చేతులిరిగిపోను!" అని మా ఆవిడ నేల మీద పడి ఏడ్చింది. చలికి నల్లబడ్డ నా వేళ్లను చూసి ఊరు ఊరంతా "చేతులతోని తవ్విండట, పాపం" అంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నెల మాసికం నాడు తట్టుకోలేకపోయాను. అత్తమ్మ పెరట్లో చాటలో కందులు చెరుగుతోంది. పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను, బటన్ నొక్కింది కూడా. చాట కింద పెట్టింది.

"మోగలేదని నీకు ఎర్కైందా?"

"ఎర్కైంది అత్తమ్మా. పిలుద్దామనుకున్న. ఎనకనుంచి ఎట్ల పిల్వాలె అని..."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి, "నిన్ను తిట్టుటానికి గూడ నాకు నోరు లేకుంట చేసినవ్ గదరా" అంది. నేను ఆమె కాళ్ల మీద పడ్డాను. కాళ్లు వెనక్కి లాక్కుంది. "నా బిడ్డకు చెప్పకు. ఇంటే నిన్ను ఇడిసిపెడ్తది. కొడుకు పాయె, బిడ్డ సంసారం గూడ పోవాల్నా? కడుపుల వెట్టుకొని బతుకు. సచ్చేదాక బతుకు."

భూపాలపల్లిలో బొగ్గు గని గేటు దగ్గర కాపలా ఉద్యోగం దొరికితే కాపురం అక్కడికి మార్చాం. టీవీలో మంచు కనిపిస్తే మా ఆవిడ లేచి ఆపేసేది. ఎవరైనా తమ్ముడి సంగతి అడిగితే మిషన్‌ను శాపనార్థాలు పెట్టి, చివర "ఈయన తప్పేం లేదు" అని చేర్చేది. ఎవరూ అడగకపోయినా చేర్చేది. ఆ మాట విన్నప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు బయటికి పోయేవాణ్ణి. మూడేళ్లు అలాగే పోయాను.

ఈ వానాకాలం అత్తమ్మ మహబూబాబాద్ దవాఖానలో పడింది. ఇక లేవదని డాక్టర్లు చెప్పాక, కుల పెద్దల ముందే "నా కొరివి అల్లుడే వెట్టాలె" అంది. అత్తను కొడుకు లెక్క చూసుకున్నాడని అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆమె మాత్రం నన్నే చూస్తోంది. అది క్షమించడమో, శిక్ష వేయడమో నాకు ఇప్పటికీ తెలియదు. కాదనడానికి నాకేం హక్కుంది? కొడుకు పట్టాల్సిన కుండ నేను భుజాన పెట్టుకున్నాను, కొడుకు పెట్టాల్సిన నిప్పు నేను పెట్టాను.

పదకొండో రోజు మధ్యాహ్నం చుట్టాలు వెళ్లిపోయారు. మా ఆవిడ అరుగు మీద కూర్చుని, "మా తమ్ముడుంటే ఎంత చేస్తుండెనో అంత చేసినవ్" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని ఇక ఆమెకు అలా ఇవ్వలేకపోయాను. అత్తమ్మ మాట తప్పి మొత్తం చెప్పేశాను. ఆమె చెయ్యి వదల్లేదు, చెప్పడం అయ్యేదాకా పట్టుకునే ఉంది.

"అమ్మకు ఎర్కనా?" అంది.

"ఎర్కే. నెల మాసికం నాడే చెప్పిన. నీకు చెప్పొద్దన్నది."

అప్పుడు వదిలింది. కేకలు వేస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను, అన్నిటికీ సిద్ధంగానే ఉన్నాను. దండ వేసిన రెండు ఫోటోల వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"అమ్మకు ఎర్క, నీకు ఎర్క. మూడేండ్ల సంది నేనొక్కదాన్నే గా మిషన్‌ను తిట్టుకుంట బతికిన. నా తమ్ముడు ఎట్ల సచ్చిండో ఈ ఇంట్ల నాకొక్కదానికే తెల్వకపాయె."