కుడిపక్క కూర్చున్న బావ

మా బావను వికారాబాద్‌లో ఇప్పటికీ ‘బండల డ్రైవర్’ అంటారు. నిజానికి ఆ బిరుదు నాకు రావాల్సింది. వచ్చిన రోజు నేను నోరు మూసుకుని నిలబడితే, అది దారి తప్పి ఆయన ఇంటికి పోయి అక్కడే స్థిరపడింది. ఆ రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, మనిషి బుద్ధి చెడటానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. ఎర్రరంగు, కాస్త చప్పుడు ఉంటే చాలు. నాకు రెండూ ఒకే చోట దొరికాయి.

అప్పుడు నేను తాండూరులో ఒక నాపబండల గనిలో గుమాస్తాను. మా గని దొర హైదరాబాదులో ఇల్లు ఖాళీ చేసి పోతున్న ఓ దొరసాని దగ్గర ఎర్రటి అమెరికా కారు కొనుక్కొచ్చాడు. దానికి పైకప్పు లేదు (వానొస్తే ఎట్లా అని అడిగిన మేస్త్రీతో దొర చాలా రోజులు మాట్లాడలేదు). మూడు వందల గుర్రాల బలమట. మా రోడ్డు గుంతల్లో, బండలు మోసే ఎద్దుబండ్ల వెనక, ఆ మూడు వందల గుర్రాలూ ఒక ముసలి ఎద్దు నడకకు ఒద్దికగా నడిచేవి. అయినా రోజూ పొద్దున్నే దాన్ని తుడిచే పని నేనే అడిగి తీసుకున్నాను. చదువుకున్నవాణ్ని కదా, గుడ్డ పట్టుకోవడానికి ఆ మాత్రం అర్హత ఉండాలి. దాని స్టీరింగ్ ఎడమపక్కన ఉండేది. దగ్గరికొచ్చి లోపలికి తొంగిచూసినవాళ్లకే ఆ సంగతి తెలుసు. మిగతా లోకానికి డ్రైవరంటే కుడిపక్క కూర్చున్నవాడు.

మా అక్క భర్త, అంటే బావ, వికారాబాద్ నుంచి తాండూరుకు నడిచే బస్సులో క్లీనరు. ఏళ్ల తరబడి ఆ బస్సు కడిగి, లైసెన్సు సంపాదించి, వచ్చే దసరాకు డ్రైవర్ సీటు ఇస్తానని బస్సు సేటు దగ్గర మాట తీసుకున్నాడు. అక్క అప్పుడే వాడకట్టులో డ్రైవరు భార్యలా నడవడం మొదలుపెట్టింది. దొర బొంబాయి పోయిన ఒక ఆదివారం బావ గనికి వచ్చాడు. నా జేబులో కారు తాళంచెవి ఉంది, బుద్ధి లేదు.

“ఎక్కు బావా, అక్కకు చూపిచ్చొద్దాం.”

“నీకు నడుప వస్తదారా?”

“దొర నడుపుతుంటె రోజు చూస్తలేనా?”

“మీ అక్క రొట్టెలు చేస్తుంటె నేను గూడ రోజు చూస్త. ఒక్కటన్న గుండ్రంగ చేసిననా? జర జరుగు, నేను నడుపుత.”

నేను జరగలేదు.

వికారాబాద్ దాకా కారును అదృష్టం నడిపింది. ఊరి మొదట్లో ఎదురుగా సేటు బస్సు వచ్చింది. ముందు సీట్లో సాక్షాత్తూ సేటే. ఇంత గొప్ప ప్రేక్షకుడు మళ్లీ దొరకడని నేను మూడు వందల గుర్రాలనూ ఒకేసారి లేపాను. లేచాయి. బస్సును తప్పించుకుని, రోడ్డు పక్క ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పేర్చుకున్న నాపబండల్లోకి పోయి నిలబడ్డాయి. (అవీ మా గని బండలే. సరుకులో లోపం లేదు, చాలావరకు విరగలేదు.)

దుమ్ము తగ్గకముందే సేటు బస్సు కిటికీలోంచి అరిచాడు. “ఏమయ్యా! కదలని బండలనే గుద్దినవ్, నడిచే మనుషులను ఇడుస్తవా? నీ చేతికి నా బస్సియ్యాల్నా?”

“నేను గాదు సేటూ...”

“కుడిపక్క కూసున్నది నువ్వు గాదా? మరి దయ్యం నడిపిందా?”

చప్పుడు విని అక్క కూడా ఉరికొచ్చింది. దొర చెవిన పడితే నా కొలువు పోతుందని మా ముగ్గురికీ తెలుసు. బావ నన్ను చూశాడు, అక్కను చూశాడు. నేను కారు దీపాన్ని ఎంతో శ్రద్ధగా తుడుస్తున్నాను. బావ ఇంకేమీ అనలేదు.

దొర వచ్చాక సొట్టకు ఓ బర్రెను బాధ్యురాలిని చేశాను. అదీ బావలాగే నోరు విప్పలేదు. కొన్నాళ్లకు దొర కారునే అమ్మేశాడు. దసరాకు డ్రైవర్ సీట్లో వేరేవాడు కూర్చున్నాడు. బావ ఆ బస్సు వెనక “రైట్, రైట్” అంటూ వేలాడుతూనే ముసలివాడయ్యాడు. అక్క నడక మళ్లీ మామూలైంది. నేను హెడ్ గుమాస్తానయ్యాను.

మొన్న వాళ్లింటికి పోతే అరుగు మీద వాడకట్టు పెద్దమనుషులు చాయ్ తాగుతున్నారు. మనవరాలు బావ మెడ పట్టుకుని అడుగుతోంది. “తాతా, ఎర్ర కారుతోని బండలను గుద్దింది నువ్వేనట గదా?”

“అవ్ బిడ్డ, నేనే,” అన్నాడు బావ మీసం సవరించుకుంటూ.

నేను కప్పు కింద పెట్టి, అందరికీ వినబడేలా చెప్పాను. “బావ గాదు, నడిపింది నేను. స్టీరింగ్ ఎడమపక్క ఉండె. తప్పయింది బావా, నీ బస్సు నేనే పోగొట్టిన.”

బావ చెయ్యి మీసం మీంచి దిగింది.

“బస్సు ఎట్లాగు పాయె,” అన్నాడు. “గీ ఊర్ల అమెరికా కారు నడిపినోన్ని నేనొక్కన్నే అని ఇన్నేండ్లు బతికిన. గది గూడ గుంజుకుంటివి గదరా బామ్మర్దీ!”

రెండు చేతులూ జోడించి, దానికి కూడా తప్పయిందన్నాను.