సందుకు అడ్డంగా బండల ట్రాలీ

ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నంద్యాల ఇల్లు అమ్మకానికి పెట్టిన ఆ వేసవిలో, నాయన అంగడికి పోగానే తలుపుకు లోపల గడియ పెట్టుకుని, ఫ్యాను ఆపేసి, వెనక గదిలో చెమటలు కారుస్తూ కూర్చునేదాన్ని. ఫ్యాను చప్పుడు వింటే ఇంట్లో మనిషి ఉందని పక్కింటాయనకు తెలిసిపోతుందని భయం. చేతిలో నవల ఉన్నా పేజీ తిప్పేదాన్ని కాదు, కాగితం చప్పుడు గోడ దాటుతుందేమోనని. తలుచుకుంటే నవ్వు రావాలి. కానీ ఈ ఉదయం ఆళ్లగడ్డలో మా ఎదురింటి గేటుకు ‘ఇల్లు అమ్మబడును’ అన్న అట్ట వేలాడుతుంటే నా అరచేతులు తడిశాయి.

మా అవ్వకు కాలూ చెయ్యీ పడిపోతే, ఆమెను చూసుకోవడానికి అమ్మ అప్పటికే ఆళ్లగడ్డ వచ్చేసింది. నంద్యాల ఇల్లు అమ్ముడుపోతే తప్ప నాయనా నేనూ ఇక్కడికి చేరలేం, నలుగురం ఒకచోట ఉండలేం. చూడవచ్చినవాళ్లు గదులు చూసేవారు, కుళాయి తిప్పేవారు, చివరికి అందరూ ఒకే మాట అడిగేవారు, కారు ఎక్కడ పెట్టుకోవాలని. మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఉన్న సందు చూపించేవాడు నాయన. అది రెండిళ్ల సందు. మాకు కారు లేదు గనక ఎన్నడూ పేచీ రాలేదు. అమ్మకం మాట బయటికి పొక్కిన మరునాడే పక్కింటాయన బేతంచెర్ల బండలు నింపిన ట్రాలీ తెచ్చి సందుకు అడ్డంగా నిలబెట్టాడు. ఆయనది బండల వ్యాపారం. గొంతు కూడా బండ మీద బండ పడినట్టే ఉండేది.

“ఈడ కారు పెట్టేదానికి ఎవురప్పా నువ్వు? సందు నాది,” అని వచ్చినవాళ్ల మీదికి పోయేవాడు. వాళ్లలో ఒకాయన చెప్పులు తొడుక్కుంటూ నాయనతో, “ఇల్లు బాగుండాదన్నా. కొట్లాట మాత్రం నువ్వే పెట్టుకో,” అని వెళ్లిపోయాడు. ఇంకెవరూ రారేమో, అమ్మ లేకుండా ఆ గోడ పక్కనే ఉండిపోతానేమో అని నాకు భయం పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం మా తలుపు దడదడలాడింది. “పాపా, లోపలుండావని తెలుసు. బయటికి రా.”

ఫ్యాను ఆపి ఏం లాభం. తెరవకపోతే విరగ్గొడతాడనిపించి తెరిచాను. ఆయన గుమ్మం దాటలేదు.

“మీ నాయన ఊరందరికీ చెప్పినాడు. నన్నొక మాట అడిగినాడా?”

అప్పుడు తట్టింది. మా వైపు ఇల్లయినా చేనయినా అమ్మేముందు హద్దులో ఉన్నవాళ్లను మొదట అడగడం మర్యాద. ఈయన ఎలాగూ కొనలేడు కదా అని నాయన ఆ మాటే ఎత్తలేదు. “మీరు కొంటారా పెద్దనాయనా?” అన్నాను.

ఆయన మా గోడను కింది నుంచి పై దాకా చూశాడు. “నాతో యాడయితాది? అయినా అడగల్ల.”

నాయనకు చెప్పాను. ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయి, కూర్చుని, అడగవలసిన మాట అడిగి వచ్చాడు. తెల్లారేసరికి సందు ఖాళీగా ఉంది. కొద్దిరోజులకే ఇల్లూ అమ్ముడుపోయింది.

సామాన్లు ఎక్కించిన రోజు నేను వ్యానులో కూర్చున్నాక ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు. అలవాటుకొద్దీ వెనక్కి జరిగాను. రోజులు గడిచేకొద్దీ నా జ్ఞాపకంలో ఆయన అరుపులన్నీ పలచబడిపోయాయి. కిటికీ ఊచ పట్టుకుని ఆ రోజు మెల్లగా అన్న మాట ఒక్కటే చెక్కుచెదరలేదు.

“వచ్చేటోళ్లు ఎట్లాటోళ్లో ఏమో పాపా. నాకు భయమైతాండాది.”