బియ్యం లేని ఏడు అవ్వ పెట్టిన రాగి కజ్జాయాలు

నిన్న సాయంత్రం ఐదున్నరకు, గూళూరులో మా ఇంట్లో, మా అవ్వ నంజమ్మ పోయింది.

నేను బెంగళూరులో డ్యూటీలో ఉన్నా. అమ్మ ఫోన్ చేసింది.
"అవ్వ లేదప్పా."
అంతే.

ఏళ్ల తరబడి పేపరుకు ఊళ్లోవాళ్ల చావులు రిపోర్ట్ చేశా. ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా అని అడగడం అలవాటు. నిన్న ఒక్క ప్రశ్నా రాలేదు. ఫోన్ పెట్టేసి ఊరికి బస్సెక్కా.

వయసెంత అని చాలామంది అడుగుతున్నారు. రికార్డు లేదు. రెండో ప్రపంచ యుద్ధం టైంలో ఆమె కొత్త కోడలు. లెక్క మీరే వేసుకోండి.

పొద్దున్నుంచి వాట్సాప్ గ్రూపులో "దేవతలాంటి మనిషి" అని మెసేజ్‌లు.
కాదు. మొండి మనిషి.
నా దగ్గర ఆధారం ఉంది.

మా పక్క తెలుగోళ్లకు దీపావళి అంటే టపాకాయల కంటే ముందు కేదారేశ్వరుని నోము. ఇంటి కోడలు కజ్జాయాలు చేసి గుడికి తీసుకుపోవాలి. బియ్యప్పిండి, బెల్లం పాకం. కొందరు అరిసెలంటారు, అవే. పూజ చేయించి నోముదారం తెచ్చుకోవాలి. నోము తెగితే ఇంటికి చేటని భయం.

ఆ ఏడు యుద్ధం వల్ల బియ్యం కంట్రోలు. దుడ్డు చూపినా బియ్యం దొరికేది కాదు. తాత పట్టాళంలో, అంటే మిలిటరీలో ఉన్నాడు. బర్మా పక్క అని చివరి కబురు. తర్వాత ఏ కబురూ లేదు.

కాబట్టి అవ్వ వాళ్ల అత్త లెక్క ఇది: బియ్యం లేదు, కజ్జాయం లేదు, నోము తెగింది, కొడుకు రాడు.

అవ్వ ఏడవలేదు. విసురురాయి ముందు కూచుని రాగులు విసిరింది.

"ఏమే, ఏం చేస్తాండావు?"
"కజ్జాయాలు అత్తా."
"రాగులతోనా? దేవునికా?"
"మనకుండేది అదే కదత్తా."

మొదటి కజ్జాయం నూనెలో వేయగానే విరిగి పొడిపొడి అయింది. అత్త రెండు చెంపలూ వేసుకుంది. "చూస్తివా! దేవుడే వద్దంటాండాడు."

అవ్వ ఆ పొడిని గరిటెతో తీసి నోట్లో వేసుకుంది. నమిలింది.

"దేవుడు కాదత్తా. పాకం లేతగా ఉండాది."

బెల్లం మళ్లీ పొయ్యి మీద పెట్టి పాకం ముదరనిచ్చింది. ఈసారి నిలిచినాయి.

నోము నాడు గుడి దగ్గర, ఎట్లో పిడికెడు బియ్యం సంపాదించినోళ్ల తట్టల్లో ఎర్రటి కజ్జాయాలు. అవ్వ తట్టలో నల్లటివి. ఎదురింటి లక్ష్మమ్మ ఇంట్లో దాచుకున్న బియ్యం కొంచెం ఉండింది. ఆమె తొంగి చూసింది.

"ఏమ్మా నంజమ్మా, మాడ్చుకొని వస్తివా? పట్టాళం మొగుడు మీద ధ్యాసనా?"

అందరూ నవ్వినారు.

"మాడలేదక్కా, రాగులు. పొద్దున నువ్వేం తింటివి?"
"రాగిముద్ద."
"నువ్వు తింటే ముద్ద, నేను దేవునికి పెడితే మాడిందా?"

ఈసారి నవ్వు అటు తిరిగింది.

పూజారి మాత్రం నవ్వలేదు. తట్ట పక్కకు జరిపినాడు. రాగులతో నోము ఎక్కడా లేదమ్మా అన్నాడు.

"లేదంటే ఈ పొద్దు నుంచి ఉండాది స్వామీ. మేం తినేదే పెట్టినాం. దారం ఇయ్యండి. ఇయ్యకుంటే ఈడనే కూచుంటా."

కూచుంది. తట్ట ఒళ్లో పెట్టుకుని, గడపకు అడ్డంగా. వచ్చేవాళ్లు రాలేరు, పోయేవాళ్లు పోలేరు. దీపాలు పెట్టే వేళ దాటింది. చివరికి దారం చేతికొచ్చింది.

తాత తిరిగొచ్చాడు. ఒక చెవి వినపడేది కాదు, మిగతాదంతా బాగానే ఉన్నాడు.

మీలో చాలామంది ఈ కథను ఇక్కడే ఆపుతారు. నల్ల కజ్జాయం మహిమ అని ఊరంతా చెప్పుకుంది కూడా. అవ్వ ఒప్పుకునేది కాదు. ఎవరన్నా ఆ మాట ఎత్తితే అప్పటికప్పుడే ఆపించేది.

"లక్ష్మమ్మ బియ్యంతోనే పెట్టింది. ఆయమ్మ కొడుకూ పట్టాళంలోనే ఉండె. రాలేదు. రాగులు మీ తాతను తెచ్చిందీ లేదు, బియ్యం ఆ పిల్లోని చంపిందీ లేదు. అది యుద్ధం."

లక్ష్మమ్మను తర్వాత ఎవరైనా నోము విషయంలో ఒక్క మాటంటే మా అవ్వే గొడవకు పోయేది. అన్నోళ్ల ఇంటి ముందు నిలబడి. గట్టిగా.

ఒకసారి దీపావళి లీవులో ఇంటికి పోయినప్పుడు అడిగా, అంత ధైర్యం యాడిది అవ్వా అని.

"ధైర్యమేంది? కాళ్లు వణుకుతాండె. అందుకే కూచుంటి."

నేను చేసిన ఇంటర్వ్యూల్లో ఇంత సూటి జవాబు ఇంకోటి లేదు.

దీపావళికి ఇంకా నాలుగు రోజులున్నాయి. నిన్న రాత్రి అవ్వ తల దగ్గర దీపం పెట్టి ఇంకా కూచోకముందే పెద్దవాళ్ల చర్చ మొదలైంది. ఏడాది పండగలు లేవు, ఇంతకాలం నడిచిన నోము ఇంక తెగినట్టే, ఇంటికి మంచిది కాదు అని మా పెదనాన్న.

అమ్మ ఈ ఇంటి కోడలు. పెదనాన్న ముందు గొంతెత్తి మాట్లాడగా నేను చూడలేదు. నిన్న చూశా.

"తెగదు బావా. అడ్డం వస్తే పౌర్ణమికి నోచుకోవచ్చు. అప్పటికి సూతకం పోతాది. ఆమె పోయిన దుఃఖం ఉండాది, చాలు. దాని మీద భయం కూడా ఎందుకు పెడతారు?"

పెదనాన్న లేచి బయటికి పోయాడు. కొంచెంసేపటికి వచ్చి, పౌర్ణమి ఏ వారం వస్తుందో చూడమన్నాడు.

సానుభూతి మెసేజ్‌లు పంపిన అందరికీ థ్యాంక్స్. పూలదండలు వద్దు. నోము తెగుతుందని మాత్రం దయచేసి మా అమ్మకు ఎవరూ ఫోన్ చేయొద్దు.

పోయిరా అవ్వా. చాలా విసిరినావు, చాలా వాదించినావు. ఇంక చల్లగా పండుకో.

అంత్యక్రియలు ఈరోజు మధ్యాహ్నం మూడింటికి, గూళూరులో మా చేను దగ్గర.
నోము కార్తీక పౌర్ణమి సాయంత్రం, మా ఇంట్లో.