బాపు అందుకున్న రెండో సగం

మా చిన్నప్పుడు... అక్టోబరు వచ్చిందంటే మాదన్నపేటలోని మా క్యాథలిక్ ఇళ్లకి మరియమాత స్వరూపం, అంటే విగ్రహం, విచ్చేసేది. రోజుకో ఇల్లు. సాయంత్రం ఒకరింట్లో జపమాల చెప్పుకుని, మర్నాడు కొవ్వొత్తులు పట్టుకుని, పాటలు పాడుతూ పక్కవాళ్లింటికి తీసుకెళ్లేవాళ్లం.

నాకు మాత్రం జపమాలంటే పరమ బద్ధకం! షాబాదు బండల మీద మోకాళ్లు నొప్పి పుట్టేవి. రోజుని బట్టి ఏసు, మరియమ్మల జీవితంలోని ఐదు ఘట్టాలు తలుచుకుంటూ చెప్పాలి, వాటినే రహస్యాలంటాం. మూడో రహస్యానికల్లా కునుకు వచ్చేసేది. మరియమ్మకి వందనం చెప్పే ప్రతి మంగళవార్త జపంలో ముందు సగం అమ్మ చెబితే, రెండో సగం మేమందరం అందుకోవాలి. మా అందరి గొంతుల్నీ మింగేసేది బాపు గొంతు. నాన్నని మేం బాపు అనేవాళ్లం. బస్సు డిపోలో మెకానిక్కు కదా... ఇంజన్ల మోతలో అరిచి అరిచి అలా తయారైంది. "జర మెల్లగ జెప్పు, ఆ తల్లికి చెవుడు లేదు" అని అమ్మ నవ్వేది.

నేను ఆరో తరగతికి వచ్చిన ఏడాది, ఎండాకాలంలో బాపుకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. "ఇక మాట రావడం కష్టమేనమ్మా" అన్నారు డాక్టరుగారు.

నేను ఒప్పుకోలేదు. రోజూ స్కూలు నుంచి రాగానే మంచం పక్కన కూర్చుని నా పేరు పలికించాలని చూసేదాన్ని. "సె... లీ... నా... ఒక్కసారి అను బాపూ." పెదాలు వంకర తిరిగేవి. "ఆ... ఆ..." తప్ప ఏమీ వచ్చేది కాదు. చివరికి ముఖం గోడవైపు తిప్పేసుకునేవాడు. నేను బోరింగు దగ్గరికి పోయి ఏడ్చేదాన్ని. దేవుడి మీద ఎంత కోపం వచ్చేదో!

ఒకరోజు బాపుకి అన్నం కలుపుతూ కలుపుతూ అమ్మ ఆగిపోయింది. "నాతోని ఐతలేదు బిడ్డా" అంది. అమ్మ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. ఇక మాకు దిక్కెవరూ లేరనిపించింది.

అలాంటి రోజుల్లో అక్టోబరు వచ్చింది. మా వంతు శుక్రవారం పడింది. ఇంటింటా ప్రార్థన నడిపించే ఉపదేశి తాత ముందే వచ్చి, "ఈసారి మీ ఇల్లు ఇడిసిపెడ్దాం బిడ్డా. నీకు మస్తు పరేషాన్ ఉన్నది గదా" అన్నాడు.

"తల్లి ఇంటికొస్తా అంటే వద్దంటరా తాతా? తీస్కరాండ్రి" అంది అమ్మ.

ఒక్క గది ఇంట్లో పాతికమంది సర్దుకున్నారు. బాపు మంచం పక్కనే స్టూలు మీద స్వరూపం పెట్టారు. అమ్మ "సంతోష దేవరహస్యములు" అని మొదలుపెట్టగానే తాత ఆపాడు.

"ఇయ్యాల శుక్రారం బిడ్డా. దుఃఖ రహస్యాలు జెప్పాలె."

"ఎరుకనే తాతా. దుఃఖం మా ఇంట్ల దినాం ఉన్నది... ఇయ్యాలొక్కరోజు సంతోషం జెప్పనియ్యి."

తాత తల వంచుకున్నాడు.

రెండో రహస్యం నడుస్తోంది. అమ్మ ముందు సగం చెప్పింది, మేం అందుకున్నాం. మా గొంతుల కింద ఇంకేదో గొంతు... ముద్దముద్దగా, గరగరమంటూ. ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆఖరికి అదొక్కటే మిగిలింది. బాపు! కళ్లు మూసుకుని, రెండో సగమంతా పొల్లు పోకుండా చెబుతున్నాడు. చివర్లో ఆమెన్ కూడా!

అమ్మ చేతిలో పూస కదల్లేదు. "ఆపకు బిడ్డా... చెప్పు, చెప్పు" అంటూ తాత ఏడ్చేశాడు.

జపం అయ్యీ అవగానే మంచం దగ్గరికి పరిగెత్తాను. "బాపూ, నేనెవరు?"

"ఆ... ఆ..."

అంతే. ఇదేం అన్యాయమనిపించింది. ఏళ్ల తరబడి నోటికి అలవాటైన ప్రార్థనలు కొందరికి అలా మిగిలిపోతాయని డాక్టరుగారు తర్వాత చెప్పారు. అమ్మకి ఆ లెక్కలేవీ పట్టలేదు. "ఏదైతేంది, నీ బాపు గొంతు ఇంట్ల ఉన్నది" అంది. ఆ రోజు అమ్మ ముఖంలోకి వచ్చిన సంతోషాన్ని తర్వాతి కష్టాలేవీ పూర్తిగా చెరపలేకపోయాయి.

అప్పటినుంచి పొద్దు వాలగానే జపమాల తీసేది నేనే. ముందు సగం నాది, రెండో సగం బాపుది. తండ్రీకూతుళ్లం మాట్లాడుకున్నది అదొక్కటే... రెండేళ్లపాటు. నా పేరు మాత్రం పలకకుండానే బాపు వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఫోన్లో జపమాల పెడితే రెండు సగాలూ అదే గడగడా చెప్పేస్తోంది. మా పిల్లలు అలాగే వింటారు, తప్పేమీ లేదు. మీ ఇళ్లల్లో ప్రార్థన ఏదైనా సరే... మీ గొంతుకి గొంతు కలిపినవాళ్లెవరు? కింద రాయండి, చదువుతాను.

నేను మాత్రం ఒక్కదాన్నే చెప్పుకుంటాను. ముందు సగం చెప్పి, ఇప్పటికీ కాసేపు ఆగుతాను... ఏడుపు రాదు. సంతోషంగానే ఉంటుంది.