వెనక వరస మాట

ఒడ్డున చేపల పాట పెట్టడానికి నోరుంటే చాలనుకుంటారు చూడనివాళ్ళు. నోరు కాదండీ, చెవి కావాలి. పడవ దిగిన చేపని ఇసుక మీద కుప్ప పోశాక కొనే ఆడవాళ్ళు చుట్టూ మూగుతారు. ఎవరూ గట్టిగా అరవరు. తన ధర పక్కదాని చెవిన పడితే పంతానికి ఇంకో యాభై పెంచేస్తుందని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గొణుగుతారు. ఆ గొణుగుళ్ళన్నీ పట్టుకుని, పై ధరని నలుగురికీ వినబడేలా అరిచి, ఇంకెవరూ పెంచకపోతే కుప్పని ఆ మనిషికి ఒప్పజెప్పాలి. దాన్నే పాట కొట్టడం అంటారు. కళింగపట్నం దగ్గర ఆ చిన్న ఊళ్ళో ఈ పని అసిరమ్మది. తల్లి చేసింది, తల్లి తరవాత ఈమె చేస్తోంది. పడవవాళ్ళిచ్చే కూలి ఏపాటిది లెండి! కానీ అసిరమ్మ కొట్టిన పాటకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. ఆ పేరే ఆమె ఆస్తి.

ఆ పేరుకే ఎసరొచ్చింది.

ఓ పొద్దున నాగబాబు పడవకి కోనాలు, అదే వంజరం చేపలు, పడ్డాయి. ముందు వరసలో ఉన్న కూర్మమ్మ అసిరమ్మకి స్వయానా తోటికోడలు. ఆమె చెప్పిన ధరకి అసిరమ్మ పాట కొట్టేసింది. వెనక వరసలోంచి దుర్గాభవాని అప్పటికే అంతకన్నా ఎక్కువ చెప్పింది. చెప్పి, మళ్ళీ చెప్పింది. పక్కనున్నవాళ్ళంతా విన్నారు. అసిరమ్మకి మాత్రం ఒక్క ముక్క వినబడితే ఒట్టు.

“ఇదేటి పిన్నీ! నాను ఎక్కువ సెప్పినాను గదా!” అని దుర్గాభవాని తోసుకుంటూ ముందుకొచ్చింది.

వినబడలేదమ్మా అంటే సరిపోయేది. మహాతల్లి అంటేగా! “పాటయిపోయినాక సెప్తే సెల్లుతాదేటే?” అని కసిరేసింది.

“తనోలకైతే సవగ్గా కొట్టేస్తన్నాది అప్ప. ఇలాగైతే పాటకి ఇంకో మనిషిని సూసుకోవాల,” అన్నాడు నాగబాబు, ఎటో చూస్తూ. ఖర్మ కాకపోతే, ఆ మాట మాత్రం శుభ్రంగా వినబడింది.

ఇంట్లో కోడలు హేమకి సంగతి ఎప్పుడో తెలుసు. కుక్కరు కూసినా అత్త తల తిప్పదు. “దొంగనిపించుకుంటావు గానీ సెవుడని ఒప్పుకోవు. ఏటత్తా ఇది?” అని నిలదీసింది.

“సెవిటిదాని సేత పాటెవుడు ఎట్టించుకుంటాడే?”

అదీ భయం. వికలాంగులకి సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపుకి వెళ్తే చెవి మిషను ఉచితంగా వచ్చే దారేదైనా ఉంటుందేమో కనుక్కుందామంది హేమ. అక్కడ మనూరోళ్ళు కనబడతారని అసిరమ్మ ససేమిరా అంది. చివరికి ఆమదాలవలసలో చుట్టాల్ని చూసొస్తామని ఊళ్ళో చెప్పి, అత్తాకోడళ్ళు శ్రీకాకుళం వెళ్ళారు.

చెవి పరీక్షలు చేసే అమ్మాయి పేరు అరుణశ్రీ. చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమంది. అసిరమ్మ బటన్ పట్టుకుని ఊరికే కూర్చుంది. ఇంకా మొదలవలేదేమో అనుకుంది. అద్దం అవతల హేమ ముఖం చూశాక తెలిసింది, ఇందాకటినుంచీ మోగుతూనే ఉన్నాయని.

అరుణశ్రీ రెండు రకాల మిషన్లు ముందు పెట్టింది. ఒకటి చెవి లోపలికి దూరిపోయేది, పైకి కనబడదు. చెవులకున్న బంగారు కమ్మలు రెండూ అమ్మితే గానీ రాదు. రెండోది చింతపిక్క సైజులో చెవి వెనక తగిలించుకునేది, లోపలికి సన్నటి గొట్టం. దానికి హేమ చీటీ డబ్బు సరిపోతుంది.

“చిన్నదానికి మీ చెవికి చాలినంత బలం లేదమ్మా. మీకీ పెద్దదే నప్పుతుంది,” అంది అరుణశ్రీ.

“నాకు సిన్నదే కావాల,” అంటూ అసిరమ్మ అప్పుడే కమ్మ సీల విప్పడం మొదలుపెట్టింది.

అరుణశ్రీ వాదించలేదు. చిన్నది పెట్టి, వెనక నిలబడి మెల్లగా ఏదైనా అనమని హేమకి సైగ చేసింది. అసిరమ్మ గోడకేసి చూస్తూ ఉండిపోయింది. తరవాత పెద్దది పెట్టింది.

“ఈ ముసల్దాని మొండితనంతో సచ్చిపోతన్నాను,” అని గొణిగింది హేమ.

“ఎవలే ముసల్ది?” అంటూ అసిరమ్మ గిర్రున తిరిగింది.

పెద్దదానికి బేరం అక్కడే కుదిరింది. కొత్తలో అన్నీ గోలగా వినబడతాయనీ, తడి తగలనివ్వద్దనీ అరుణశ్రీ చెప్పింది. తల మీద కొంగు కప్పుకుని దాచేస్తానని అసిరమ్మ ఆమెతో అనలేదు. అనుంటే అప్పుడే వద్దని చెప్పేది.

కొన్నాళ్ళు ఇంట్లో అలవాటు చేసుకుని ఒడ్డుకి వెళ్ళింది. కొంగు చెవుల మీదుగా బిగించి కట్టింది. కుప్ప పోశారు. నోరు తెరిచి పాట మొదలుపెట్టిందో లేదో, కొంగు రాసుకుని చెవిలో ఎండు తాటాకుల చప్పుడు. గుడ్డ ఇంకాస్త నొక్కుకునేసరికి మిషను కుయ్యిమని కూసింది. మాటలన్నీ ఆ కూతలో కలిసిపోయాయి.

“అప్పా, నీ తల్లోంచి ఏటో కూస్తన్నాది!” అంది కూర్మమ్మ. అందరూ ఘొల్లుమన్నారు.

వెనక పెదాలు కదులుతున్నాయి. ఏమంటున్నారో తెలీదు. “కొట్టు మరి. కూర్మమ్మకేనా?” అన్నాడు నాగబాబు వెటకారంగా.

కొట్టేస్తే ఆ పూటకి గుట్టు దాగుతుంది. పేరు మాత్రం మళ్ళీ రాదు. అసిరమ్మ సిగ్గుతో చచ్చిపోతూ, తల మీది కొంగు ఒక్క లాగు లాగేసింది. సముద్రం హోరున చెవిలో పడింది.

“నాకు సెవుడు. సాన్నాళ్ళయింది. ఆ కోనాల నాడు భవాని మాట నాకు ఇనపడనేదు. సెప్పడానికి సిగ్గేసి దాని మీద కసిరినాను. ఎనకున్నోలు రవ్వంత పైకి అనండి.”

ఎవరూ నవ్వలేదు. నాగబాబు తల దించుకున్నాడు. దుర్గాభవాని వెనకనుంచి వచ్చి, ఆమె చెవి వెనక తగిలించి ఉన్నదాన్ని చూసింది. కళ్ళలో నీళ్ళు, గొంతులో కోపం.

“సెవుడని సెప్పుంటే నీ మొగం ముందుకొచ్చి సెప్పేదాన్ని గదా పిన్నీ! ఇన్నాళ్ళూ నిన్ను దొంగని ఊరంతా సెప్పుకు తిరిగినాను. ఆ పాపం నానిప్పుడెక్కడ కడుక్కోవాల?”

అసిరమ్మకి ఒక్క అక్షరం పోకుండా వినబడింది. దుర్గాభవానిని చెయ్యి పట్టుకుని ముందు వరసలోకి లాగి, పాట మళ్ళీ మొదటినుంచి పెట్టింది.