కొండ మీదికి నీళ్లు మోసినాయన

మా పుస్తకాల గుంపులో పాత రాజుల కాలం నవలలు తప్ప ఇంకో మాట ఉండదు. ఆదివారం పొద్దున్నే ఫోన్లో ఒకే ప్రశ్న వస్తుంది: "ఇప్పుడేం చదువుతున్నారు?" ఎవరికి తోచిన జవాబు వాళ్లు పెడతారు. అప్పుడప్పుడు నరసరావుపేటలో, రిటైరైన టీచరమ్మగారింటి మేడ మీద కలుసుకుంటాం. నేను గురజాల నుంచి బస్సెక్కి వెళ్తాను. బడి గడప తొక్కని నన్ను పెద్ద చదువులు చదివినవాళ్లు పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు. ఆ మేలు తలుచుకోకుండా ఆ మేడ మెట్లు ఏనాడూ ఎక్కలేదు.

నాకు అక్షరాలు నేర్పింది మా అమ్మ. పళ్లెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని దిద్దించింది. మా ఇంట్లో పురాణాలూ, రాజుల నవలలూ ఒకే అలమరలో ఉండేవి. ఏది తీయాలన్నా కాళ్లూ చేతులూ కడుక్కుని తీయాలి. పాతకాలం గురించి అచ్చులో ఉన్నదంతా జరిగిందే అని అమ్మ నమ్మింది, నేనూ నమ్మాను. మా పల్నాటిలో ఇదేం విడ్డూరం కాదు. యుద్ధంలో పోయిన వీరులకు గుడి కట్టి, వాళ్లు పట్టిన కత్తులకు పసుపు కుంకుమ పెట్టి మొక్కే నేల మాది.

నేను చెప్పబోయే పుస్తకం మా కిరాణా కొట్లోనే దొరికింది. పొట్లాలు కట్టడానికి మా ఆయన తూకానికి కొన్న పాత కాగితాల్లో ఉంది. నా కంట పడేసరికే అట్టా, ముందు పేజీలూ జీలకర్ర పొట్లాలై ఎవరెవరి ఇళ్లకో వెళ్లిపోయాయి. మిగిలింది తెచ్చుకుని చదివాను.

కొండవీటి కోటను శత్రువులు చుట్టుముట్టిన కథ అది. అందులో ఒక కావడి మనిషి ఉన్నాడు. కొండ వాలులోని చెరువు నుంచి కొండ మీది బురుజుల సైనికులకు నీళ్లు మోస్తాడు. చివరి రోజున వాడికీ దెబ్బ తగులుతుంది. ఉన్న కడవ నీళ్లూ గాయపడ్డవాళ్లకు పోసి, తాను గొంతు తడవకుండానే ప్రాణం విడుస్తాడు. వెనక ఆలి లేదు, బిడ్డ లేడు. ఆ పూట నేను తలారా నీళ్లు పోసుకుని దీపం పెట్టాను.

ఆ ఏడు మహాలయ అమావాస్యకు, పెద్దల పేర్లతో పాటు ఆయన పేరూ చెప్పి నీళ్లు వదలమని మా ఆయన్ని అడిగాను.

"ఎవరే ఆయన? మీ పుట్టింటోళ్లా?"

"కాదండీ, కొండవీటి కోటలో ఉండేవాడు. దాహంతో పోయాడు. నా అన్నవాళ్లు లేరు. పుస్తకంలో ఉంది."

"పాపం" అన్నారు మా ఆయన. అంతే. కృష్ణ ఒడ్డున పంతులుగారు గోత్రం అడిగితే తెలియదన్నాం. తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం చెప్పొచ్చని ఆయనే దారి చూపారు. అప్పటి నుంచి ఏటా మా మామగారి తర్వాత, వాళ్ల నాన్నగారి తర్వాత, ఆ కావడి మనిషికి కూడా నువ్వులూ నీళ్లూ అందుతున్నాయి. అందుతున్నాయనే అనుకున్నాను.

మొన్న మహాలయ అమావాస్యకు వారం ముందు మేడ మీద కలిశాం. ఎప్పటిలాగే వరసగా చెప్పుకుంటున్నాం. లారీలు నడిపించే బాబాయ్ ఓడల యుద్ధాల నవల మొదలుపెట్టాడట. "వంద పేజీలైందమ్మా, ఒక్క తలకాయ తెగితే ఒట్టు. అన్నీ పెళ్లిమాటలే" అని గోల. అందరం నవ్వాం. తర్వాత బ్యాంకులో పనిచేసే చెల్లెమ్మ సంచిలోంచి ఒక పుస్తకం తీసి కథ మొదలుపెట్టింది. రెండు మాటలకే పోల్చుకున్నాను. నా పుస్తకమే! దాని అట్ట ఎలా ఉంటుందో మొదటిసారి చూశాను. కోట గోడ, దాని కింద కావడి మోస్తున్న మనిషి. తప్పిపోయిన పిల్లవాడు కొత్త బట్టలు కట్టుకుని ఎదురైనట్టు నా ప్రాణం లేచివచ్చింది.

"అన్నిటికన్నా గొప్పేందంటే అక్కా, ముందుమాటలో రాశారు. రాజులూ, ముట్టడీ నిజమేనంట. ఈ కావడి ఆయన మాత్రం అసలు లేడంట. మొత్తం కల్పనేనంట. చదివితే ఎక్కడన్నా అట్టా అనిపిస్తదా!"

నాకు ముందు ఆ మాట ఎక్కలేదు. "లేకపోవడమేంది చెల్లెమ్మా? మా ఆయన ఏటా తర్పణం వదులుతున్నారుగా" అన్నాను.

బాబాయ్ ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. "ఏందమ్మాయ్, నవల్లో మనిషికి తర్పణాలా! ఇంకా నయం, అందులో దొంగ మంత్రికి పిండాలు పెట్టలా!"

"నోర్ముయ్యవయ్యా" అని టీచరమ్మ గదిమింది. నా వైపు తిరిగి, "ఇలాంటి నవలల్లో సగం ఊహే ఉంటుందమ్మా. నీకెవరూ చెప్పలేదా?" అంది మెల్లగా.

ఎవరు చెబుతారు? నేనెవరిని అడిగాను? ఇన్నాళ్లూ నేను చదివిన దాసీలూ, గుర్రాల కాపరులూ, అంతఃపురంలో పాలుతాపిన దాదులూ, అందరూ ఒక్కొక్కరే లేచి గుమ్మం దాటిపోతున్నట్టుంది. వీళ్లలో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు?

చెల్లెమ్మ ముఖం చిన్నబోయింది. "నాకు తెలిస్తే చెప్పకపోదునక్కా" అంటూ తన పుస్తకం నా సంచిలో పెట్టింది. ఆ పిల్ల చల్లగా ఉండాలి. ఆమె చెప్పకపోతే ఇంకెన్నేళ్లు అలాగే ఉండేదాన్నో.

తిరుగు బస్సులో నకరికల్లు ఎప్పుడు దాటిందో తెలియలేదు. నవ్వినందుకు కాదు నా బాధ. పితృకార్యం ఆటవస్తువు కాదు. లేని మనిషి పేరు పెట్టి మంత్రం చదివించాను. ఆ నీళ్లు ఎక్కడికి వెళ్లాయి? మా మామగారికి చేసింది కూడా చెడిందా? ఆదివారమే అమావాస్య. ఆలోపు మా ఆయనకు చెప్పాలి.

మర్నాడు మధ్యాహ్నం కొట్లో బేరాలు లేని వేళ చెప్పాను. ఆయన కందిపప్పు తూస్తున్నారు. చేట చేతిలో అలాగే ఉండిపోయింది.

"లేడా?"

"లేడంట."

"అసలు పుట్టనే లేదా?"

"లేదంటండీ. రాసినాయనే చెప్పాడంట."

"మా నాయన పక్కన నిలబెట్టా గదే ఆయన్ని!"

కొత్త పుస్తకం తెరిచి ముందుమాట చూపించాను. కళ్లజోడు సర్దుకుని, వేలు పెట్టి, రెండుసార్లు చదివారు.

"ఈ కాగితాలు చూడకుండా ఎట్టా నమ్మావే?"

"నాకు దొరికినదానికి ఇవి లేవండీ. అప్పటికే మీరు పొట్లాలు కట్టేశారు."

ఆ రోజు ఆయన మజ్జిగ కూడా తాగకుండా చెయ్యి కడిగేసుకున్నారు. మర్నాటి నుంచి ఆ కొత్త పుస్తకం ఇంట్లో కనబడలేదు. పారేశారేమో అనుకున్నాను. అడగడానికి నోరు రాలేదు. దేవుడి గూట్లో కోటప్పకొండ సామి పటం ముందు కూర్చుని ఒకటే వేడుకున్నాను: తండ్రీ, తెలియక చేశాను. ఈసారి ఏం చేయాలో ఆయనకే తోచేలా చెయ్యి.

అమావాస్య పొద్దున నువ్వులు, దర్భలు, రాగిచెంబు సంచిలో సర్దాను. రేవులో జనం చానామంది ఉన్నారు. నేను మెట్ల మీద కూర్చున్నాను. మా ఆయన మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, పంతులుగారు చెప్పినట్టు బొటనవేలి పక్క నుంచి నీళ్లు వదులుతున్నారు. మామగారు అయ్యారు. వాళ్ల నాన్నగారు అయ్యారు. పుట్టింటివాళ్లు, మేనమామలు అయ్యారు. ఇక పైకి వచ్చేస్తారని సంచి అందుకున్నాను. పంతులుగారు మాత్రం అలవాటు చొప్పున "కాశ్యప గోత్రం" అని మొదలుపెట్టారు.

నేను సంచితో సహా లేచి నిలబడ్డాను.

"పేరొద్దండీ" అన్నారు మా ఆయన.

"ఏంది? ప్రతేడూ చెప్తున్నదేగా."

"ఆ పేరు సరైంది కాదంట. అసలు పేరు తెలియదు. కొండ మీదికి నీళ్లు మోసినాయన అనండి చాలు."

పంతులుగారు ఒక్క క్షణం చూసి, అలాగే అన్నారు. దోసిట్లో నువ్వులు తిరిగి తిరిగి నీళ్లతో పాటు జారిపోయాయి. మేడ మీద ఆ రోజు ఎంత బిత్తరపోయానో, మెట్ల మీద ఇప్పుడూ అంతే బిత్తరపోయి నిలబడ్డాను. సంచి కిందపడి నువ్వులు ఒలికాయి. అదీ చూసుకోలేదు.

తడి పంచె పిండుకుంటూ ఆయన పైకి వచ్చారు. నా ముఖం చూసి, నేను అడగకుండానే విసుక్కున్నారు. "అంతమంది సైన్యం ఉంటే నీళ్లు ఎవడో ఒకడు మొయ్యాల గదే. రాజు మోసుకోడుగా."

బస్సులో కూర్చున్నాక నా ఫోను మోగింది. ఆదివారం ప్రశ్న. ఏం రాయాలా అని చూస్తుంటే, మా ఆయన పక్క నుంచి తొంగిచూశారు.

"ఏం పెడుతున్నావు?"

"మళ్లీ అదే చదువుదామని ఉందండీ. కొత్త పుస్తకం కనబడట్లా."

"కొట్లో గల్లాపెట్టె కింద ఉంది. నేను సగంలో ఉన్నా." గొంతు తగ్గించి, "చివర్లో ఏమైతదో చెప్పమాక" అన్నారు.

"ఇన్నేళ్లూ నీళ్లు వదిలారుగా. పోతాడని తెలుసుగా!"

"తెలుసులేవే. అయినా చెప్పమాక."