కోసిగి గాలికి ఆరని కణాలు

కోవిడ్ సద్దుమణిగిన ఏడాది చివర్లో నన్ను కర్నూలులోని ఒక ఆసుపత్రిలో కణ పరీక్షల విభాగానికి బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ ప్రొఫెసర్. కూర్చోమన్నది స్టోరు గదిలో. నా కంటే జూనియర్లకు ఏసీ గదులిచ్చారు. అది నేను మరవలేదు.

జిల్లాలోని కోసిగిలో పెట్టిన వైద్య శిబిరం నుంచి గర్భాశయ ముఖద్వారం స్మియర్లు వచ్చాయి. స్మియర్ అంటే అక్కడి కణాలను గాజు పలక మీద పూయడం. పూసిన వెంటనే స్పిరిట్‌లో ముంచాలి. ఆలస్యమైతే కణాలు ఆరి, కేంద్రకాలు ఉబ్బుతాయి.

ఈరమ్మ అనే కూలీ స్లైడులో కేంద్రకాలు పెద్దవిగా కనిపించాయి. విభాగాధిపతి ఒక్కసారి చూసి అందరి ముందూ నవ్వాడు. “గాలికి ఆరిపోయినాయి మేడమ్. మీకు ఆరేసిన బట్టల్లో కూడా క్యాన్సర్ కనపడేట్టుండాది.” ఆమె కూలి పనుల వలసకు పోయి వచ్చాక మళ్లీ స్మియర్ తీయాలని రాసేశాడు.

ఆరిన కేంద్రకం ఉబ్బి వెలిసిపోతుంది. ఇవి నల్లగా, ముడతలు పడి, చుట్టూ తెల్లటి ఖాళీతో ఉన్నాయి. అది పాపిల్లోమా వైరస్ గుర్తు. తనను తాను నకలు తీసుకునే సరంజామా ఆ వైరస్‌కు లేదు. విభజనకు సిద్ధమైన కణంలోనే ఆ సరంజామా దొరుకుతుంది. అందుకే విభజన మానేసిన కణాన్ని కూడా మళ్లీ ఆ దారి పట్టిస్తుంది. విభజనను ఆపే ప్రోటీనును పనిచేయనివ్వదు, పాడైన కణాన్ని చంపే ప్రోటీనును నాశనం చేస్తుంది. చాలామందిలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. అది వదలనివారిలో కొన్నేళ్లకు క్యాన్సర్ రావచ్చు.

ఈరమ్మకు ఫోన్ చేశాను. “ఎల్లుండి సుగ్గికి పోతాండాం మేడమ్, గుంటూరు మిరపకాయలకు. నొప్పే లేకుండా ఆస్పత్రికి యాడన్నా పోతారా? ఉగాదికి వస్తాలే.” సుగ్గి అంటే పనుల వలస. ఉగాదికి వచ్చినా ఆసుపత్రికి వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

సూపరింటెండెంట్ దగ్గరకు వెళ్లి ఒకటే అడిగాను: స్లైడు ఆరిపోయిందన్నదే నిజమైతే, రేపే మళ్లీ తీయడానికి అడ్డేమిటని. ఆయన రేపే తీయమని రాసిచ్చాడు. మరునాడు ఈరమ్మను పట్టుబట్టి పిలిపించాను, నా ఎదుటే స్మియర్ తీసి స్పిరిట్‌లో ముంచారు. మళ్లీ అవే కణాలు. చిన్న ముక్క తీసి చేసిన బయాప్సీ పరీక్షలో క్యాన్సర్‌కు ముందు దశ అని తేలింది. ఆ భాగాన్ని తీసేశారు.

ఇంటికి పోతూ ఈరమ్మ అంది: “మీ వల్ల సుగ్గికి పోయే గుంపు తప్పిపోయింది. శానా మొండోళ్లు మేడమ్, మీకంటే మా అత్త నయం.”

ఈ కేసు నివేదికలో విభాగాధిపతి తన పేరొక్కటే పెట్టుకున్నాడు. నా పేరు చేర్చమన్న అర్జీకి రెండేళ్లకు నేను రిటైరయ్యే నాటికీ జవాబు రాలేదు.

స్లైడు మీద అనుమానం వస్తే, మళ్లీ తీయాల్సిన రోజును నిర్ణయించేది విభాగం వీలు కాదు. మనిషి ఊరు విడిచే రోజు.